రేవు గట్టు ఊడ్చిన రోజు

మా పెద్దమ్మకి మురికి అంటే పడదు. పడదంటే మామూలుగా కాదు, పక్కింటివాళ్ళ గుమ్మం ముందు కాగితం ముక్క కనబడినా వంగి తీసి పారేసేది. బస్సెక్కితే ముందు సీట్లో కూర్చున్న మనిషి కాలర్ చూసి, "ఎవరు బాబూ ఉతికింది, వాళ్ళ చేతులకేమైనా తెగులొచ్చిందా?" అని అడిగేసేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. "ఊరుకో పెద్దమ్మా, పరువు తీయకు" అంటే, "పరువు నాదెందుకు పోతుందే, ఆ కాలర్ని అలా వదిలేసినవాళ్ళది పోవాలి గానీ" అనేది.

ఆవిడ మా అమ్మకి అక్క. పిల్లల్లేరు, మొగుడు పెళ్ళైన కొన్నాళ్ళకే పోయాడు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి కాబట్టి బట్టలేసే ఇళ్ళవాళ్ళంతా నీలిమందావిడ అనేవాళ్ళు. పిల్లలు ఆ వేళ్ళు చూసి జడుసుకుంటే, "సిరా తాగుతా నేను, అందుకే" అని కళ్ళు పెద్దవి చేసి భయపెట్టేది. తర్వాత తనే నవ్వేసేది.

మాది ఏటి ఒడ్డున ఉన్న సందు. సందు మొత్తం బట్టలుతికేవాళ్ళమే. సందుకీ ఏటికీ మధ్య విశాలంగా ఉండే జాగాని రేవు గట్టు అనేవాళ్ళం. ఉతికే బండలు నీళ్ళలో ఉండేవి. మిగతాదంతా గట్టు మీదే. వరసగా పాతిన గుంజలు, వాటి మధ్య దండేలు, బట్టలు ఉడకేసే బానలు, వాటి కింద పొయ్యిలు, మూటలు తడవకుండా ఒక రేకుల షెడ్డు. ఎండ బాగా కాసిన రోజు గట్టు మీద నడవాలంటే దుప్పట్లని పక్కకి తప్పించుకుంటూ పోవాల్సిందే. ఊళ్ళో ఎవరింట్లో కొత్త బిడ్డ పుట్టిందో, ఎవరింటికి చుట్టాలొచ్చారో మా దండేలు చూసి చెప్పేయొచ్చు.

ఉతకడానికి నీళ్ళుంటే చాలనుకుంటారు తెలీనివాళ్ళు. ఉతకడం ఎవరైనా ఉతుకుతారు. ఆరేయడానికి నేల కావాలి. ఆ గట్టు లేకపోతే మా సందుకి తిండి లేదు, అంతే.

ఆ గట్టుకి మా దగ్గర కాగితం లేదు. తాతల నాటి నుంచి వాడుకుంటున్నాం. ప్రభుత్వం జాగా అనేవాళ్ళు, కాదు ఏటి జాగా అనేవాళ్ళు. ఎవరికి బుద్ధి పుడితే వాళ్ళు వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఏంటీ పొగ, ఏంటీ బూడిద, ఏంటీ కంపు అని తిట్టిపోయేవాళ్ళు. ఒకసారి ఒక ఆఫీసరు వచ్చి, ఇంత అసహ్యంగా ఉంచుకునేవాళ్ళకి జాగా ఎందుకని మా బాన కాలితో తన్నిపోయాడు. బానలో ఆయనింటి బట్టలే ఉన్నాయి, ఆ సంగతి ఆయనకి తెలీదు. ఆ రోజు మేం పడీ పడీ నవ్వుకున్నాం. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "ఊరందరి మురికీ మనం వదిలిస్తుంటే, మనల్ని చూసి మురికంటారేంటే?" అంది. ఆ మాట ఆవిడ మనసులో చాలాకాలం ఉండిపోయింది.

ఇక గంజిగాడి సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్తా.

వాడు మా కౌన్సిలరు. పుట్టింది మా సందులోనే. వాళ్ళమ్మ మా పెద్దమ్మ పక్క బండ మీద ఉతికేది. ఆవిడ జ్వరంతో పోయేసరికి వీడికింకా ముక్కు చీదడం కూడా రాదు. తండ్రి ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. పెద్దమ్మ తీసుకెళ్ళి తన దగ్గర పెట్టుకుంది. మూటల మీద పడుకోబెట్టింది, తన కంచంలోది పెట్టింది, బడికి పంపింది. వాడు చదువుకుని, ఏదో పార్టీ ఆఫీసులో చేరి, పెద్దవాళ్ళ వెనకాల తిరగడం నేర్చుకున్నాడు. వాడికి చొక్కా పలకలా ఉండాలి. విప్పి నేల మీద పెడితే తనంతట తాను నిలబడేంత గంజి పట్టాలి. ఆ గంజి పెట్టేది పెద్దమ్మే, ఇస్త్రీ చేసేది నేను. అందుకే గంజిగాడు అని పేరు పెట్టాను. "నోరు మూసుకోవే, నా బిడ్డని అలా అనకు" అని పెద్దమ్మ నా నెత్తిన ఒకటి వేసేది.

ఎన్నికలొచ్చాయి. వాడికి టికెట్ వచ్చింది. సందంతా ఎగిరి గంతేసింది. మనవాడు! మనలో ఒకడు! ఎవరెవరో వచ్చి మన ఓట్లడుక్కుపోవడమే గానీ, మన సందులో పుట్టినవాడు నిలబడ్డం మా తాతలు కూడా చూసి ఉండరు. వాడు పెద్దమ్మ కాళ్ళ మీద పడ్డాడు. "పెద్దమ్మా, గెలిస్తే మొదట చేసే పని రేవు గట్టుకి పట్టా. నీ చేతిలోనే పెడతా" అన్నాడు. పెద్దమ్మ ఏడ్చేసింది.

ఆ తర్వాత ఆవిడ చేసిన ప్రచారం చూడాలి. ఉతికిన బట్టలిస్తూ ప్రతి ఇంట్లోనూ, "అమ్మగారూ, మా పిల్లాడు నిలబడ్డాడు, ఒక్క ఓటు" అని అడిగేది. మేం ఏ ఇంటికైనా వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళగలం. ఏ నాయకుడికీ దొరకని గుమ్మాలవి. మెట్లెక్కలేక ఆయాసపడుతూ మూడో అంతస్తుకి కూడా ఎక్కేది. వాడేమో ఒకరోజు ఫొటోవాళ్ళని వెంటేసుకుని రేవుకొచ్చి, బండ మీద ఒక చొక్కా ఉతికినట్టు నటించాడు. రెండు దెబ్బలకే గుండీలు ఊడిపోయాయి. "ఒరేయ్, మమ్మల్ని ఉద్ధరించడం తర్వాత, ముందు ఆ గుండీలు ఏరు" అన్నాను. అందరూ నవ్వారు, వాడు కూడా నవ్వాడు. అప్పటికి వాడు ఇంకా మనిషేననుకున్నాను.

పోలింగ్ ముందు ఇంటింటికీ ఎర్ర దుప్పట్లు పంచారు. మాకూ ఇచ్చారు. పెద్దమ్మ ఆ గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇన్ని ఎవడు కొన్నాడ్రా?" అని అడిగింది.

"అభిమానులు పెద్దమ్మా" అన్నాడు.

ఆ అభిమానులెవరో తర్వాత తెలిసింది. ఒకే ఒక్క అభిమాని. ఊరి చివర మేడలు కట్టి అమ్మే కాంట్రాక్టరు. ఈలోగా ఆ దిక్కుమాలిన దుప్పట్లు అన్ని ఇళ్ళ నుంచీ ఉతకడానికి మా దగ్గరికే వచ్చాయి. ఒకటి పొరపాటున తెల్లబట్టల బానలో పడింది. డాక్టరుగారి కోట్లన్నీ గులాబీ రంగుకి తిరిగాయి! ఆయన ఆ కోటు పట్టుకుని, "నేను పేషెంట్లని చూడాలా, పెళ్ళికి పోవాలా?" అని అరిచాడు. పెద్దమ్మ వాటిని మళ్ళీ మళ్ళీ ఉడకేసి, చేతులు పగిలేలా ఉతికి, తెల్లగా చేసి ఇచ్చింది. వాడి దుప్పటిని మాత్రం ఒక్క మాట అనలేదు.

గెలిచాడు. బాగానే గెలిచాడు. మా సందులో ఒక్క ఓటు కూడా పక్కకి పోలేదు.

గెలిచాక చాలాకాలం కనబడలేదు. అడిగితే, పనవుతోంది, ఫైలు కదులుతోంది అనేవాడు. చివరికి ఒకరోజు ఉదయాన్నే తనే సందులోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ప్రభుత్వం జాగాల్లో ఎన్నో ఏళ్ళుగా పని చేసుకుని బతుకుతున్నవాళ్ళకి ఆ జాగాలు వాళ్ళ పేరునే రాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. భూముల ఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చి, కళ్ళారా చూసి, ఫొటోలు తీసుకుని, రాసుకుపోతే చాలట. ఎల్లుండే వస్తున్నాడట.

"పెద్దమ్మా, ఆయన మహా పట్టింపు మనిషి. చెత్త చూస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు. గట్టు అద్దంలా ఉండాలి. ఒక్క గుడ్డ ముక్క కనబడకూడదు, బూడిద కనబడకూడదు. ఆ వంకర గుంజలూ, మసిబానలూ ఏంటసలు? అవన్నీ తీసేయించు. పట్టా వచ్చాక కొత్తవి పాతిద్దాం, సిమెంటువి" అన్నాడు.

పెద్దమ్మకి ఇంతకంటే సులువైన పని ఎవరైనా చెప్పారా జీవితంలో? శుభ్రం చేయమన్నారు! ఇన్నాళ్ళూ వచ్చిన ప్రతివాడూ కంపు కంపు అని తిట్టి పోయాడు. ఈసారి వచ్చేవాడికి వేలెత్తి చూపించే సందు ఇవ్వకూడదు. ఆవిడ లెక్క అది. మా అందరి లెక్కా అదే. మా ఇల్లు చూసిన అమ్మగారు ముక్కు విరిస్తే పని పోతుంది, చేతిలో మూట తెల్లగా కనబడితే పని దొరుకుతుంది. మేం బతికిందే అలా. ఇంకోలా ఎలా ఆలోచిస్తాం?

"ఉతికిన బట్టలెక్కడ ఆరేయాలి పెద్దమ్మా, ఇప్పుడు తడివన్నీ కుళ్ళిపోతాయి" అని నేను గొణిగాను.

"రెండ్రోజులకి కుళ్ళిపోవులే. పని దొంగ మాటలు మాట్లాడకు, చీపురందుకో" అంది.

పిల్లా పెద్దా అందరం దిగాం. దండేలు విప్పి చుట్టాం. పొయ్యిలు పడగొట్టి, మట్టి చదును చేశాం. బూడిద గంపలకెత్తి దూరంగా పారబోశాం. రేకుల షెడ్డు విప్పి రేకులు ఇళ్ళల్లో దాచాం. గుంజలు మాత్రం ఒక పట్టాన ఊడి రాలేదు, ఎన్ని తరాల నుంచి పాతుకుపోయాయో. అప్పుడు గంజిగాడు మనుషుల్ని పంపించాడు, గడ్డపారలతో. వాళ్ళు మహా ఉత్సాహంగా పీకి, గోతులు పూడ్చి, పైన నీళ్ళు చల్లి తొక్కి మరీ వెళ్ళారు. పెద్దమ్మ వాళ్ళకి టీ ఇచ్చి, "చల్లగా ఉండండి నాయనా" అంది. ఆ టీ తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండిపోతుంది.

సాయంత్రానికి గట్టు చూస్తే మాకే కొత్తగా ఉంది. కొత్తగా అలికినట్టు, కాళ్ళు పెట్టబుద్ధి కానంత శుభ్రంగా ఉంది. పెద్దమ్మ నడుం పట్టుకుని నిలబడి, అటూ ఇటూ చూసుకుని, "ఇప్పుడు అనమను కంపని" అంది. ఆవిడంత ఆనందంగా ఉండటం నేను ఆ తర్వాత చూడలేదు.

ఆఫీసరు వచ్చాడు. జీపు దిగాడు. మేమంతా మంచి బట్టలు కట్టుకుని, గట్టు తొక్కి పాడుచేయకూడదని సందు మొదట్లోనే నిలబడ్డాం. మా బుద్ధి చూడండి! ఆయన గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఫొటోలు తీయించాడు. ఏదో రాసుకున్నాడు. మాతో ఒక్క మాట మాట్లాడలేదు. గంజిగాడు ఆయన పక్కనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు మావైపు చెయ్యి ఊపాడు. మేం చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్ళకి గట్టు చుట్టూ ముళ్ళ కంచె పడింది. ఖాళీ ప్రభుత్వ స్థలమని, దాన్ని కాంట్రాక్టరుకి కేటాయించారని బోర్డు పెట్టారు. అభ్యంతరాలుంటే ఫలానా రోజు విచారణకి రావాలని దాని కింద రాసుంది. అది నేనే చదివి పెద్దమ్మకి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "ఖాళీ ఏంటే? మనం ఉన్నాం కదే?" అంది.

విచారణకి వెళ్ళాం. సందు మొత్తం రాలేదు. అప్పటికే గంజిగాడు ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, కట్టబోయే మేడల్లో ఒకడికి వాచ్‌మన్ పనీ, ఇంకొకరికి ఊడ్చే పనీ ఇప్పిస్తానని చెప్పి వచ్చాడు. పెద్దమ్మ సొంత మరిది, గంజిగాడు గుంజలు తీయించమన్నప్పుడు పక్కనే ఉన్నవాడు, మా వెంట వచ్చాడు గానీ నేల చూపులు చూస్తున్నాడు.

అది పొడుగాటి గది. గోడ పొడవునా ఫైళ్ళు, పైన కీచుమంటూ తిరిగే ఫ్యాను. గట్టు చూసిపోయిన ఆ ఆఫీసరే బల్ల వెనక కూర్చున్నాడు. గంజిగాడు పక్కన కుర్చీలో, నేను ఇస్త్రీ చేసిన చొక్కాలో.

ఆఫీసరు ఫొటోలు బల్ల మీద పరిచాడు. "చూడండమ్మా. ఇందులో ఎక్కడైనా గుంజ ఉందా? పొయ్యి ఉందా? ఒక్క బట్టైనా ఆరేసి ఉందా? ఇక్కడ పని జరుగుతోందని నేనెలా రాయను?"

పెద్దమ్మ వంగి ఫొటోలు చూసింది. నిజంగానే గట్టు ఎంత శుభ్రంగా ఉందో! "మేమే ఊడ్చాం బాబుగారూ. మీరొస్తున్నారని. అన్నీ ఉండేవి, మేమే తీసేశాం" అంది.

"అంటే మీరే ఖాళీ చేశారన్నమాట" అన్నాడాయన, రాసుకుంటూ.

"ఖాళీ చేయడం కాదు సార్, శుభ్రం చేశాం! ఇదిగో, ఈ మహానుభావుడే చేయించాడు" అని నేను అరిచాను.

గంజిగాడు నావైపు చూడనేలేదు. పెద్దమ్మనే చూస్తూ, తేనె పూసినట్టు మెల్లగా అన్నాడు: "పెద్దమ్మా, శుభ్రంగా ఉంచుకోమన్నాను, నిజమే. గుంజలు పీకేయమన్నానా? నేనెందుకంటాను, మనవాళ్ళ పొట్ట కొడతానా?"

పెద్దమ్మ మరిది వైపు తిరిగి, "నువ్వున్నావుగా ఆ రోజు. చెప్పరా" అంది.

"నాకు సరిగ్గా గుర్తు లేదు వదినా" అన్నాడు మరిది.

ఆ తర్వాత నేను నోటికొచ్చినవన్నీ తిట్టాను. మనుషులొచ్చి నన్ను బయటికి లాక్కొచ్చారు. అదంతా ఎందుకులెండి, ఏ తిట్టూ పనికి రాలేదు.

వరండాలో పెద్దమ్మ వాడి కోసం కాచుకుని నిలబడింది. బయటికి రాగానే దారికి అడ్డంగా వెళ్ళి, "ఎందుకురా?" అంది. అంతే. ఇంకేం అడగలేదు.

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎన్నికలంటే ఊరికే అయిపోతాయా పెద్దమ్మా? ఆ దుప్పట్లు, ఆ కార్లు, ఆ మీటింగులు... ఆయన పెట్టాడు. ఇప్పుడు ఆయన అడిగాడు. నేను కాకపోతే ఇంకొకడు చేసిపెడతాడు. నీకేం లోటు రానివ్వను. ఒక గది ఇప్పిస్తా, కాలు మీద కాలేసుకుని కూర్చో."

వాడి కాలర్ ఒక పక్క మడతపడి ఉంది. పెద్దమ్మ చెయ్యి దాన్ని సరిచేయడానికి వాడి మెడ దాకా వెళ్ళింది. మధ్యలో ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని నడుచుకుంటూ వచ్చేసింది. నాకైతే ఆ కాలర్ని పట్టుకుని చింపెయ్యాలనిపించింది.

తర్వాత ఏముంది. సందులో, గోడల మీద, కిటికీ ఊచలకి ఆరేసి చూశాం. ఎండ తగలని బట్టలు ముక్కవాసన కొట్టాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, ఒక టీచరుగారి భార్య మూట వెనక్కిచ్చేసి, "ఇదేం కంపు? రేపట్నుంచి రాకు" అంది పెద్దమ్మతో. ఒక్కో ఇల్లూ వదిలేసింది. సందు ఖాళీ అయింది, ఒకళ్ళు ఇటు, ఒకళ్ళు అటు, కూలి దొరికిన చోటికి పోయారు. తర్వాతి ఎన్నికల్లోనూ గంజిగాడే గెలిచాడు. చెల్లాచెదురైన మా ఓట్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి.

వాడిస్తానన్న గది పెద్దమ్మ తీసుకోలేదు. నా ఇస్త్రీ బండి పెట్టుకునే వీధిలోనే ఆవిడకి చిన్న గది అద్దెకి చూశాను. రోజూ మధ్యాహ్నం వెళ్ళి వస్తుంటా. మొదట్లో గమనించలేదు. తర్వాత చూస్తే, విప్పిన బట్టలు నేల మీదే ఉంటున్నాయి. తిన్న కంచం అలాగే ఉంటోంది. గుమ్మం ముందు చెత్త అలాగే ఉంటోంది. మా పెద్దమ్మ! ఒంట్లో బాగాలేదేమోనని డాక్టరుగారికి చూపించాను. గులాబీ కోట్ల డాక్టరుగారే. ఏ జబ్బూ లేదన్నాడు.

నిన్న నేనే బకెట్టు, సబ్బు తీసుకుని వెళ్ళాను. మాసిన దుప్పటి పట్టుకుని లాగబోతే పెద్దమ్మ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"వద్దే, ఉండనీ."

"కంపు కొడుతోంది పెద్దమ్మా."

"కొట్టనీ. ఎవడైనా వచ్చి చూస్తాడే. మనిషి ఉందని తెలియద్దూ?"

ఆవిడ దుప్పటి మళ్ళీ నేల మీద పరిచి, తిన్న కంచం గుమ్మంలోకి కనబడేలా కాస్త ముందుకి జరిపింది. నేను బకెట్టు పక్కన పెట్టేసి, ఆ మాసిన దుప్పటి మీద ఆవిడ పక్కనే కూర్చుని ఏడ్చాను.